నెత్తిన టార్చిలైటు

కొనుక్కుంటే అయిపోయే వస్తువును ఇంట్లో తయారుచేసి నలుగురికీ చూపించాలనే జబ్బు మగవాళ్లలో చాలామందికి ఉంటుంది. మీకూ ఉండే ఉంటుంది. అటక మీద పాత ఫ్యాను మోటారు, ఎప్పటికైనా పనికొస్తాయని డబ్బాలో దాచిన స్క్రూలు, ఎందుకు కొన్నామో గుర్తులేని సోల్డరింగ్ ఐరన్ మీ ఇంట్లోనూ ఉంటే మనమిద్దరం ఒకే జాతి. అందుకే మీతో చెప్పుకోవడానికి నాకు సిగ్గు లేదు. నాకు ఆ జబ్బు ఎంతగా ముదిరిందంటే, మా నాయన ముప్పై ఏళ్లు వాడిన ఇత్తడి టార్చిలైటు మెడ కోసి, సైకిలు హెల్మెట్‌కు బిగించి, దాన్ని నెత్తిన పెట్టుకుని మైపాడు రోడ్డు మీద చీకట్లో ఊరేగాను. ఏం జరిగిందో వరసగా చెబుతాను. విన్నాక నాలుగు తిట్టినా పడతాను.

మొదట షుగరు వచ్చింది. యాభైకి కాస్త ముందే వచ్చింది. డాక్టరు రోజూ నడవమన్నాడు. నడకంటే నాకు విసుగు, సైకిలు తొక్కుతానన్నాను. మంచిదే అన్నాడు. అక్కడితో ఆగి మామూలు సైకిలు కొనుక్కుని ఉంటే ఈ కథే లేదు. నేను గేర్ల సైకిలు కొన్నాను. హెల్మెట్ కొన్నాను. చేతులకు వేళ్లు లేని తొడుగులు కొన్నాను. ఊరి పొలిమేర కూడా దాటకముందే పక్కింటాయనతో సైక్లింగ్ గురించి గంటసేపు మాట్లాడాను. ఆయన పాపం విన్నాడు.

నెల్లూరులో మాకొక జట్టు కుదిరింది. ఆదివారం తెల్లవారకముందే బయల్దేరి మైపాడు దాకా పోయి, సముద్రం ఒడ్డున పొద్దు పొడవడం చూసి, టీ తాగి వెనక్కి రావడం. పోను పాతిక కిలోమీటర్లు, రాను పాతిక. ఆ రోడ్డంటే నాకు ప్రాణం. ఊరు దాటగానే రెండు పక్కలా పెన్నా డెల్టా వరిమళ్లు. పైరు పొట్టకొచ్చిందో పాలు పోసుకుందో చీకట్లో వాసనను బట్టే చెప్పేవాళ్లున్నారు మా వైపు. ఇందుకూరుపేట దాటి ఇంకాస్త పోతే నేలలో ఉప్పు మొదలవుతుంది, వరి తగ్గుతుంది, రొయ్యల గుంటలు వస్తాయి. ఏరియేటర్లు నీళ్లను కొట్టే చప్పుడు రోడ్డు పొడుగునా వినిపిస్తూనే ఉంటుంది. బకింగ్‌హాం కాలువ దాటితే సరుగుడు తోటలు, వాటి వెనక సముద్రం. ఊళ్ల దగ్గర వీధి దీపాలుంటాయి. ఊరికీ ఊరికీ మధ్య ఏమీ ఉండదు, చీకటి తప్ప.

జట్టులో అందరి సైకిళ్లకూ లైట్లున్నాయి. అగ్గిపెట్టె కంటే కాస్త పెద్దవి, ఫోనులా చార్జింగు పెట్టుకునేవి. ఒకాయన లైటు ఖరీదు చెప్పాడు. నాకు టీ గొంతు దిగలేదు. అక్కడ ఊరుకున్నానా? "ఇందులో ఏముందబ్బా, ఒక ఎల్ఈడీ, ఒక బ్యాటరీ. దీనికి ఇన్ని వేలా? నేను ఇంట్లో చేసి చూపిస్తా. అది కూడా హ్యాండిల్ మీద కాదు, హెల్మెట్ మీద. తల ఎటు తిప్పితే వెలుగు అటు పడాల" అన్నాను. ఆ చివరి మాట నాకే ఎంత నచ్చిందంటే తిరుగు దారిలో దాన్ని పదిమార్లు అనుకున్నాను. జట్టులో చిన్నవాడు ఒకడు "చెయ్యన్నా, చూద్దాం" అన్నాడు. ఆ "చూద్దాం" నాలో దిగిపోయింది. ఇంక లైటు కొనుక్కోవడానికి నాకు దారి మూసుకుపోయింది. నలుగురిలో అన్న మాట వెనక్కి తీసుకోవడం కంటే కొండకు తల బాదుకోవడం తేలికని మనకందరికీ అనిపిస్తుంది. అలా అనిపించినప్పుడే మనం చేసే పనులన్నీ చెడిపోతాయి.

టార్చిలైటు కోసం ఎక్కడా వెతకలేదు. మా నాయనది మూడు సెల్లుల ఇత్తడి టార్చి ఊళ్లో అమ్మ దగ్గర దూలానికి వేలాడుతోంది. వెనక మూతకు చిన్న రింగు, పక్కన జరిపే స్విచ్చి, దాని కింద మినుకు మినుకుమనిపించడానికి ఎర్ర బొత్తం. మాకు జాఫర్ సాహెబ్ కాలువ కింద మడి ఉండేది. రాత్రిపూట నీళ్ల వంతు వస్తే నాయన ఆ టార్చి చంకన పెట్టుకుని పార భుజానేసుకుని పోయేవాడు. గట్టు మీద పామును చూడటానికి వెలిగించేవాడు, చూశాక ఆర్పేసేవాడు. సెల్లు అరగకూడదని. 1989 నవంబరులో గే తుపాను కావలి దగ్గర తీరం దాటింది కదా, ఎక్కడో థాయిలాండ్ సింధుశాఖలో పుట్టి ఇంత దూరం వచ్చింది, ఆ రాత్రి మా వీధిలో పాకల్లో ఉన్నవాళ్లను బడి గదుల్లోకి చేర్చింది ఆ టార్చి వెలుగులోనే. అప్పుడు నేను పిల్లాణ్ని, అమ్మ కొంగు పట్టుకుని వాకిట్లో నిలబడి ఆ వెలుగు గాలివానలో కదలడం చూశాను.

ఇవన్నీ నాకు తెలుసు. తెలిసే తెచ్చాను.

అమ్మ దగ్గర "ఊరికే బాగుచేయిస్తాను" అని చెప్పి తీసుకొచ్చాను. అబద్ధమాడటం కూడా ఆ జబ్బులో భాగమే, అదీ చెప్పేశాను మీకు.

మా తరం వాళ్లకు సెల్లంటే నిప్పోనే. ఆ సెల్లు తయారయ్యేదే మా నెల్లూరులో. 1972లో మొదలైన ఇండో నేషనల్ కంపెనీది ఆ ఫ్యాక్టరీ, జపాన్ మత్సుషిత వాళ్ల సాంకేతికతతో పెట్టింది. ఊరి వస్తువు కాబట్టి సెల్లు గురించి మాకు తెలియనిది లేదని మా అందరి నమ్మకం. వెలుగు తగ్గితే నాయన సెల్లు తీసి అరుగు మీద ఎండలో వరసగా పేర్చేవాడు. రాత్రికి కాస్త తేరుకునేవి. పూర్తిగా చచ్చిన సెల్లును పిల్లలం రాయితో చితక్కొట్టి లోపలి నల్ల కడ్డీ తీసి గోడల మీద రాసేవాళ్లం. ఆ నల్లటిది కార్బన్ కడ్డీ, చుట్టూ ఉన్న నల్లపొడి మాంగనీస్ డయాక్సైడ్, పై డబ్బా జింకు. ఆ జింకు డబ్బాయే కరిగి కరెంటు ఇస్తుంది. అందుకే పాత సెల్లు టార్చిలో మరిచిపోతే డబ్బా చిల్లుపడి కారి ఇత్తడినంతా పాడుచేస్తుంది. నాయన ఒక్కసారి కూడా అలా మరిచిపోలేదు. లోపలి స్ప్రింగు తళతళలాడుతోంది.

పాత బల్బు తీసేసి తెల్ల ఎల్ఈడీ పెడదామనుకున్నాను. ఎల్ఈడీ గురించి కూడా నాకు చాలా తెలుసు, అంటే చదివాను. నీలం వెలుగిచ్చే ఎల్ఈడీ దొరక్క శాస్త్రవేత్తలు దశాబ్దాలు తంటాలు పడ్డారు. 1990ల మొదట్లో జపాన్‌లో అకసాకి, అమానో, నకమురా దాన్ని సాధించారు. ఆ నీలం మీద పసుపు పూత పూస్తే తెల్ల వెలుగు వస్తుంది. 2014లో ఆ ముగ్గురికీ ఫిజిక్స్ నోబెల్ ఇచ్చారు. ఈ కథంతా చిన్నబజారులో ఎలక్ట్రానిక్స్ కొట్లో కౌంటరు దగ్గరున్న పిల్లాడికి చెప్పాను. వాడు ఓపిగ్గా విని, "సార్, మూడు సెల్లంటే నాలుగున్నర వోల్టులు. ఈ ఒక వాటు ఎల్ఈడీకి మూడు, మూడుంబావు చాలు. మధ్యలో నాలుగు ఓముల రెసిస్టరు పెట్టండి, వెనక అల్యూమినియం ముక్క తగిలించండి. లేకపోతే మాడిపోద్ది" అన్నాడు. ఎంత చక్కగా చెప్పాడో చూడండి. పిల్లాడి ముందు నాకు తెలియదనిపించుకోవడం ఇష్టం లేక "తెలుసులే నాయనా" అన్నాను. రెసిస్టరు కొనలేదు. రూపాయో రెండో ఉంటుంది. ఆ రాత్రే ఎల్ఈడీ మాడింది. మళ్లీ అదే కొట్టుకు పోవడానికి మొహం చెల్లక ఊరి చివర ఇంకో కొట్టు వెతుక్కున్నాను.

అసలు పాపం తర్వాత చేశాను. మొదట టార్చిని అలాగే హెల్మెట్ పక్కకు కట్టి చూశాను. బరువుకు మెడ ఒక పక్కకు ఒరిగిపోతోంది. అప్పుడు సింగరేణి గుర్తొచ్చింది. బొగ్గుగని కార్మికులు టోపీ మీద దీపం మాత్రమే పెట్టుకుంటారు, బ్యాటరీ నడుముకు కట్టుకుంటారు, మధ్యలో తీగ. ఇంతకంటే తేలిక ఏముందనుకున్నాను. కాకపోతే వాళ్ల టోపీకి దీపం తగిలించే కొక్కెం పుట్టుకతోనే ఉంటుంది, ఆ దీపం కూడా అందుకోసమే చేసింది. నా దగ్గర ఉన్నది ఇత్తడి టార్చి. దాని తల నాకు కావాలి. హాక్సా తీసుకుని మెడ దగ్గర కోశాను. ఇత్తడి పొడి బంగారంలా గచ్చు మీద రాలింది. సగం కోశాక ఒక క్షణం ఆగాను, అబద్ధం చెప్పను. ఆగి, జట్టులో ఆ కుర్రాడి "చూద్దాం" గుర్తొచ్చి, మిగతా సగం కూడా కోశాను.

హెల్మెట్‌కు రెండు చిల్లులు వేశాను. పైన పలచని ప్లాస్టిక్, లోపల దిట్టమైన థర్మకోల్. డ్రిల్లు వెన్నలోకి దిగినంత సులువుగా దిగింది. రేకు ముక్క వంచి, నట్లు బోల్టులు పెట్టి, టార్చి తలను నుదుటి మీద బిగించి, చుట్టూ ఎం-సీల్ పూశాను. సెల్లు మూడూ పీవీసీ పైపు ముక్కలో దూర్చి నడుం సంచిలో పెట్టాను. అయినా ఇత్తడి తల బరువుకు హెల్మెట్ కనుబొమ్మల మీదికి జారుతోంది. దానికీ ఉపాయం ఆలోచించాను. తూకం సరిపోవాలని హెల్మెట్ వెనక పాత తాళం కప్ప కట్టాను. అంటే నన్ను కాపాడాల్సిన వస్తువుకు ముందొక ఇత్తడి, వెనకొక ఇనుము, మధ్యలో రెండు చిల్లులు. ఖర్చు లెక్క చూస్తే, మాడిన ఎల్ఈడీలు, డ్రిల్లు బిట్లు, సెల్లు అన్నీ కలిపి, నేను వెక్కిరించిన ఆ లైటు ధర దాటింది.

కానీ వెలిగింది. ఎంత వెలిగిందనుకున్నారు! మేడ మీదికెక్కి స్విచ్చి వేస్తే నాలుగిళ్ల అవతల కొబ్బరిచెట్టు మట్టలు లెక్కపెట్టొచ్చు. వీధి పిల్లలు చుట్టూ చేరారు. తల ఎటు తిప్పితే అటు వెలుగు, అటే పిల్లల కేక. నా భార్య గుమ్మంలో నిలబడి చూసి, "లైటు బాగానే ఉందిగానీ, మామయ్యగారి టార్చి కోశారేంది?" అంది. ఆ మాట వినపడనట్టు పిల్లల వైపు తిరిగాను. చెప్పాగా, తల ఎటు తిప్పితే వెలుగు అటు పడుతుంది. చూడకూడదనుకున్న వైపు తిప్పకుండా ఉంటే చాలు.

ఆదివారం దాకా ఆగలేకపోయాను. అక్టోబరు చివర, ఈశాన్య రుతుపవనం కొత్తగా వచ్చి మధ్యాహ్నం ఒక జల్లు పడి వెలిసింది. సాయంత్రం ఒక్కణ్ణే మైపాడు పోయి, చీకటి పడేదాకా ఒడ్డున కూర్చుని, తిరుగు దారిలో లైటు సత్తా చూడాలని బయల్దేరాను. కాలువ దాటేదాకా మహారాజులా వచ్చాను. ఎదురుగా రోడ్డంతా తెల్లగా పరుచుకుంది. ఎవరైనా చూస్తే బాగుండనిపించింది, నడిచిపోయేవాళ్ల మొహాల మీద వెలుగు వేసి మరీ చూపించుకున్నాను. వాళ్లు చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. ఆశ్చర్యపోతున్నారనుకున్నాను.

గుంటల దగ్గరికి రాగానే మొదటి ఉసిళ్ల పురుగు వచ్చి ముక్కుకు తగిలింది. తుడుచుకున్నాను. రెండోది కళ్లద్దాల లోపల దూరింది. తర్వాత లెక్క లేదు. తొలి వానకు పుట్టల్లోంచి లేచిన ఉసిళ్లు, వరిమళ్ల పచ్చదోమ, పేర్లు తెలియని రెక్కల పురుగులు, నెల్లూరు జిల్లాలో ఎగరగలిగినవన్నీ ఆ వెలుగుకు బయల్దేరాయి, ఆ వెలుగున్నది నా కళ్లకు జానెడు పైన. నోట్లో పడింది, ఉమ్మాను. చెవిలో దూరింది, తల విదిలించాను, తల విదిలిస్తే వెలుగు పోయి ఎదురొస్తున్న ఆటో అద్దం మీద పడింది, అతను కళ్లు బైర్లు కమ్మి హారన్ కొడుతూ నా వైపే వస్తున్నాడు, నేను ఒక చేత్తో కన్ను నలుపుకుంటూ ఒక చేత్తో బ్రేకు పట్టాను, పట్టింది ముందు బ్రేకు, ఎదుట గుంత ఉందని చక్రం దిగేదాకా తెలియలేదు, హెల్మెట్ కనుబొమ్మల మీదికి జారింది, వెనక తాళం కప్ప మెడ మీద టంగుమని కొట్టింది, సైకిలు అటు, నేను ఇటు, రోడ్డు వార దిగి రొయ్యల గుంట కట్ట వాలులో బురదలో పడ్డాను. ఆటో ఆగింది. డ్రైవరు దిగి తిట్టబోయి, బురదలో నా తల మీద ఇంకా వెలుగుతున్న ఆ ఇత్తడి డబ్బాను చూసి తిట్టడం మానేశాడు. "బాగానే ఉన్నారా సార్" అని మాత్రం అడిగాడు. తిట్టి ఉంటే నయం.

కనుబొమ్మ పైన రేకు అంచు గీసుకుని రక్తం కారుతోంది. అంతకు మించి ఏమీ కాలేదు. అంత తక్కువతో పోవడం నా అదృష్టం, నా ఇంజనీరింగ్ గొప్పతనం ఎంత మాత్రం కాదు.

గుంట కాపలా మనిషి పరుగున వచ్చాడు. అతని తల మీద కూడా లైటుంది. ఎలాస్టిక్ పట్టీతో నుదుటికి కట్టుకునేది, సంతలో రెండు మూడు వందలకు దొరికేది. దగ్గరికి రాగానే చేత్తో దాన్ని కిందికి వంచి నేల మీద వెలుగు వేశాడు. అంతటి కంగారులోనూ నా కళ్లలో కొట్టలేదు. చెయ్యిచ్చి లేపి, షెడ్డు దగ్గరికి తీసుకెళ్లి, బిందె నీళ్లు పోసి కడుక్కోమన్నాడు. నా హెల్మెట్ అటూ ఇటూ తిప్పి చూసి, "ఏంది సార్ ఇది, మీరే చేశారా?" అన్నాడు. అవునన్నాను. నవ్వలేదు. "వానపడ్డ రోజు మొగానికి లైటు కట్టుకుంటే పురుగులు యాడికి పోతాయి సార్? మేమైతే గుంట కాడికి పొయ్యేదాకా ఆర్పేసుకుంటాం. దారిలో మనిషి ఎదురొస్తే దించుకుంటాం. కళ్లలో కొడితే వాడొచ్చి గుంటలో పడతాడు" అన్నాడు.

మేత వేసే వేళయింది. రమ్మంటే అతని వెంట చెక్‌ట్రే దాకా పోయాను. నాలుగు మూలలా తాడు కట్టిన వల పళ్లెం అది. మేత వేసిన కాసేపటికి దాన్ని పైకి లాగి ఎంత తిన్నాయో చూస్తారు. మేత మిగిలితే తగ్గిస్తారు, ఎందుకంటే మిగిలిన మేత అడుగున కుళ్లి నీళ్లు చెడతాయి. రొయ్యను పైకెత్తి లైటు పెడితే వీపు పొడుగునా పేగు గీతలా కనిపిస్తుంది, అది నిండుగా ఉందో తెగి తెగి ఉందో చూసి రొయ్య ఆరోగ్యం చెప్తారు. ఈ పనికి రెండు చేతులూ కావాలి, చూసేవైపు వెలుగు కావాలి. లైటు తల మీద ఉండాల్సిన చోటు అదే. తర్వాత అతను కట్ట అంచున కూర్చుని నీళ్ల మీదికి వెలుగు వేశాడు. నీళ్లలో వేలవేల ఎర్రటి చుక్కలు మెరిశాయి. రొయ్యల కళ్లు. వాటి మీద పడ్డ వెలుగు వచ్చిన దారినే తిరిగి పోతుంది కాబట్టి, దీపం మన కంటి పక్కనే ఉంటేనే ఆ మెరుపు మనకు కనిపిస్తుంది. నా హెల్మెట్ లైటు ఎందుకు పనికొస్తుందో, ఎందుకు పనికిరాదో ఆ కట్ట మీదే నాకు అర్థమవడం మొదలైంది.

రోడ్డు మీద గుంత మనకు కనిపించేది దాని నీడ వల్ల. లైటు కింద, హ్యాండిల్ దగ్గరో ఇంకా కిందో ఉంటే వెలుగు నేలను రాసుకుంటూ పోతుంది, చిన్న గుంతకు కూడా పొడుగాటి నల్లని నీడ పడుతుంది. లైటు కళ్ల పక్కన ఉంటే నీడ గుంత ఇవతలి అంచు చాటునే దాక్కుంటుంది, మనకు రోడ్డంతా చదునుగా కనిపిస్తుంది. నేను చూసి మురిసిపోయిన ఆ తెల్లటి రోడ్డు అలాంటిదే. దాంట్లో గుంతలన్నీ ఉన్నాయి, నా లైటే వాటిని చెరిపేసింది. మా తాతల కాలం నాటి సైకిలుకు డైనమో లైటు ముందు చక్రం పైన, హ్యాండిల్ కంటే కిందుగా ఉండేది. చక్రం ఆగితే ఆరిపోయేది నిజమే, కానీ గుంతను చూపించేది.

పురుగుల సంగతి మరీ దారుణం. ఎవరో కొత్తవాళ్లకు తెలియకపోతే తప్పు లేదు. నేను రైతు కొడుకుని. వరిలో కాండం తొలిచే పురుగు, దోమ ఉధృతంగా ఉంటే దీపపు ఎర పెట్టమని వ్యవసాయశాఖ వాళ్లు ఇప్పటికీ చెబుతారు. నాయన పళ్లెంలో నీళ్లు పోసి, నాలుగు చుక్కలు కిరసనాయిలు వేసి, పైన లాంతరు వేలాడదీసేవాడు. తెల్లారేసరికి పళ్లెం నిండా పురుగు. అది నా కళ్లతో చూసి పెరిగాను. ఆ లాంతరు స్థానంలో ఎల్ఈడీ, ఆ పళ్లెం స్థానంలో నా మొహం పెట్టుకున్నాను. పురుగులకు వెలుగంటే ఇష్టమై వస్తాయనుకుంటాం కదా, అలా కాదంటోంది 2024లో నేచర్ కమ్యూనికేషన్స్ పత్రికలో వచ్చిన అధ్యయనం. ఆకాశం ఎప్పుడూ నేల కంటే వెలుగుగా ఉంటుంది కాబట్టి, పురుగు తన వీపును వెలుగు వైపు తిప్పి ఎగరడానికి అలవాటు పడింది. దారిలో మన దీపం తగిలితే అదే ఆకాశమనుకుని వీపు అటు తిప్పుతుంది, తిప్పి తిప్పి దాని చుట్టూనే చిక్కుకుపోతుంది. పాపం, వాటి తప్పేమీ లేదు. వాటికి దొంగ ఆకాశాన్ని చూపించింది నేను.

వెలుగుకు దారి తప్పేవి పురుగులు మాత్రమే కాదు. చేపలు కూడా దీపానికి వస్తాయి. సముద్రంలో పెద్ద ఎల్ఈడీ దీపాలు పెట్టి పట్టేస్తుంటే చేపే మిగలదని కేంద్ర ప్రభుత్వం 2017లో ఆ పద్ధతిని నిషేధించింది. మా తీరంలో జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్లు రాత్రిళ్లు ఒడ్డుకొచ్చి ఇసుకలో గుడ్లు పెడతాయి. గుడ్లలోంచి బయటికొచ్చిన పిల్లలు వెలుగున్న దిక్కే సముద్రమనుకుని పరుగెత్తుతాయి. ఒడ్డున తెల్ల లైటుంటే అటు తిరుగుతాయి, ఎండిపోయో కుక్కల పాలబడో చస్తాయి. నేను ఆ హెల్మెట్ పెట్టుకుని మైపాడు ఇసుకలో నిలబడి నీళ్ల మీదికి వెలుగు వేసి ఆడుకున్నాను. అది అక్టోబరు, తాబేళ్ల కాలం కాదు. ఆ సంగతి తెలిసి వేసిన వెలుగు కాదది. ఫిబ్రవరిలో తయారై ఉంటే ఫిబ్రవరిలోనే వేసేవాణ్ని.

ఇక హెల్మెట్. ఇంటికొచ్చి విప్పి చూస్తే బోల్టు దిగిన చోటు నుంచి థర్మకోల్ నిలువునా చీలి ఉంది. దెబ్బ తగిలినప్పుడు ఆ థర్మకోల్ నలిగి, దెబ్బను తన మీద వేసుకుని, వెడల్పుగా పంచుతుంది. దాని పని అదొక్కటే, అది కూడా ఒక్కసారే. ఒకసారి నలిగిందంటే పైకి ఎంత బాగున్నా పారేయాల్సిందే. దానికి చిల్లు వేస్తే బలం పోతుంది. దాని మీద గట్టి ఇత్తడి ముక్క బిగిస్తే పంచాల్సిన దెబ్బంతా ఆ ఒక్క ముక్క కిందే పడుతుంది. బురదలో కాకుండా సిమెంటు వారన పడి ఉంటే ఆ టార్చి తల నా నుదుట్లోకి దిగేది. ఈ ముక్క రాస్తుంటే ఇప్పటికీ చెయ్యి కాస్త వణుకుతోంది. హెల్మెట్‌కు లైటు పెట్టుకోవాల్సి వస్తే పట్టీతో కట్టే తేలికపాటి ప్లాస్టిక్‌ది పెట్టుకోవాలి. ఎక్కడైనా తగిలితే అది ఊడి పోవాలి, తలను పట్టుకుని వేలాడకూడదు.

అమ్మకు చెప్పక తప్పలేదు. రెండు ముక్కల టార్చి సంచిలో వేసుకుని పోయి ఆమె ముందు పెట్టాను. అమ్మ మెడ కోసిన చోట వేలుతో తడిమింది. "మీ నాయన దీన్ని కింద కూడా పెట్టేవాడు కాదురా అబ్బయ్యా" అంది. అంతే అంది. నా నుదుటి మీద కట్టు చూసి, అన్నం తిన్నావా అని అడిగింది. నేను చేసిన తెలివితక్కువ పనుల్లో పురుగులు మింగడం, బురదలో పడటం మీకు చెప్పి నవ్వించగలను. ఇది మాత్రం నవ్వించలేను. కొత్త టార్చి వంద రూపాయలకు దొరికేది. కోయడానికి ఏదో ఒకటి కావాలి కదా అని ఇంట్లో చేతికి అందినదాన్ని తీసుకున్నాను. మనకు సులువుగా అందేవన్నీ ఎవరో ఒకరు జాగ్రత్తగా దాచినవే. స్టోన్‌హౌస్‌పేటలో ఇత్తడి పనిచేసే ముసలాయన దగ్గరికి తీసుకెళ్తే మెడ చుట్టూ పట్టీ వేసి అతికించాడు. వెలుగుతోంది. మచ్చ కనిపిస్తోంది. అమ్మ మళ్లీ దూలానికే తగిలించింది.

జట్టుకు మొత్తం చెప్పాను. దాచుకుందామనుకున్నానుగానీ కనుబొమ్మ మీద కుట్లు దాచలేం కదా. "చూద్దాం" అన్న కుర్రాడు నవ్వుతాడని చూశాను. వాడు నవ్వలేదు, తన సైకిలు వెనక నుంచి ఎర్ర లైటు ఒకటి విప్పి నా సీటు కింద తగిలించాడు. "నీకు ముందు ఏమొస్తుందో కనపడకపోయినా పర్లేదన్నా, వెనక లారీవాడికి నువ్వు కనపడాల" అన్నాడు. రాత్రిళ్లు కృష్ణపట్నం పోర్టు వైపు లారీలు తిరిగే ప్రాంతం మాది. ఆ మాట విలువ మా రోడ్ల మీద తొక్కేవాళ్లకు తెలుసు. ముందు వెలుగు మీద నేను పెట్టిన ధ్యాసలో వందో వంతు కూడా వెనక మీద పెట్టలేదు. నా సైకిలుకు వెనక చిన్న రిఫ్లెక్టరు వచ్చింది, అందంగా లేదని కొన్నరోజే నేనే పీకేశాను. అది రొయ్య కన్ను చేసే పనే చేస్తుంది. లారీ దీపం వెలుగును లారీ డ్రైవరు కంటికే తిప్పి పంపుతుంది. సెల్లు అక్కర్లేదు, స్విచ్చి అక్కర్లేదు.

ఇప్పుడు నా సైకిలుకు ముందు హ్యాండిల్ మీద కొన్న లైటు, నేల వైపు వంచి. వెనక ఎర్ర లైటు, ఎర్ర రిఫ్లెక్టరు. హెల్మెట్ కొత్తది, దాని మీద ఏమీ లేదు. గుంట దగ్గరి అతని కోసం రిఫ్లెక్టరు టేపు చుట్ట ఒకటి తీసుకెళ్లాను. అతను దాన్ని ముక్కలు కోసి తన సైకిలు మడ్‌గార్డుకు, తోటి కాపలావాళ్ల సైకిళ్లకు, మేత తెచ్చే బండి వెనకకు అంటించాడు. ఆ రోడ్డు మీద లైట్లు లేకుండా తిరిగేవాళ్లు వాళ్లే ఎక్కువ. తెల్లవారుజామున పాలు పోసేవాళ్లు, చేపల గంపలతో పోయేవాళ్లు, రాత్రి గుంటల పని ముగించుకుని ఇళ్లకు పోయేవాళ్లు. మీ ఇంట్లో గానీ, మీ దగ్గర పనిచేసేవాళ్ల ఇంట్లో గానీ సైకిలుంటే ఒకసారి వెనక మడ్‌గార్డు చూడండి. రిఫ్లెక్టరు పగిలి ఉంటే ఇవాళే మార్పించండి, లేకపోతే జానెడు ఎర్ర టేపు అంటించండి. ఏ సైకిలు కొట్లో అయినా దొరుకుతుంది.